వర్జ్యం వెళ్ళాక కొండెక్కాను

ఇరవై నాలుగేళ్ళ వయసులో మనిషికి మోకాళ్ళు ఉంటాయన్న సంగతే గుర్తుండదు. అవి ఉన్నాయని రోజూ మంచం దిగేటప్పుడు గుర్తుచేసే వయసు తర్వాతెప్పుడో వస్తుంది (నాకు వచ్చేసింది, మీకూ వస్తుంది, తొందరపడకండి). ఆ రోజుల్లో ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా పాసింజరు రైల్లో నిలబడి వెళ్ళి, కాలేజీలో సాయంత్రం దాకా నిలబడి పాఠం చెప్పి, మళ్ళీ నిలబడే ఇంటికి రావడం నాకో లెక్కలో ఉండేది కాదు. నేను చెప్పే పాఠం సర్వేయింగు. కొండల్ని కాగితం మీద గీతలుగా ఎలా గీస్తారో, ఆ గీతలు దగ్గర దగ్గరగా వస్తే కొండ ఎంత నిటారుగా ఉన్నట్టో బోర్డు మీద గీసి మరీ చెప్పేదాన్ని. అప్పటికి నేను మాత్రం ఒక్క కొండా ఎక్కి ఎరుగను. బెజవాడ అమ్మవారి దర్శనానికి కూడా బస్సులోనే పైదాకా వెళ్ళొచ్చిన కుటుంబం మాది. మా వైపు నేల ఎంత చదునంటే, దెందులూరులో గోళీ కింద పెడితే అది గుండుగొలను వైపు పోవాలా, ఏలూరు వైపు రావాలా అని అక్కడే ఆలోచిస్తూ కూర్చుంటుంది.

అలాంటి నేను, మూడు రోజుల పాటు అరకు వైపు కొండల్లో పరిగెత్తే పందెంలో ఎలా చేరానంటే, నోటి దురుసు వల్ల. మా వీధి చివర నడవలేని పిల్లల కోసం ఓ చిన్న బడి ఉండేది. నేను ఆదివారాలు వెళ్ళి బొమ్మలు వేయించేదాన్ని. ఆ బడికి ఒక వ్యాను. అది కదలాలంటే ముందు డ్రైవరు దణ్ణం పెట్టుకోవాలి, తర్వాత టీచర్లందరూ కలిసి తొయ్యాలి. లోపలి పిల్లలు "ఇంకా గట్టిగా టీచర్!" అని అరుస్తూ మహా సంబరపడిపోయేవారు. ఒకరోజు ఎంత తోసినా అది కదల్లేదు. మెకానిక్కు వచ్చి, బానెట్ ఎత్తి చూసి, రోగి బంధువులతో మాట్లాడే డాక్టరు మొహం పెట్టాడు. ఆ మర్నాటి నుంచీ దెందులూరు వైపు పిల్లలు రావడం మానేశారు. ఎదిగిన పిల్లల్ని చంకనేసుకుని బస్సెక్కడం తల్లుల వల్ల ఎక్కడవుతుంది? రోజూ సాగదీస్తేగాని ఆ కాళ్ళూ చేతులూ బిగుసుకుపోతాయి, ఇంతకాలం చేయించిందంతా బూడిదలో పోసిన పన్నీరవుతుందని, బడి నడిపే పెద్ద టీచరుగారు మొదటిసారి మా ముందు కళ్ళు తుడుచుకున్నారు.

ఆవిడే చెప్పారు, విశాఖపట్నం వాళ్ళెవరో ఏటా అరకు కొండల్లో ఈ పరుగు పందెం జరుపుతున్నారని. పరిగెత్తేవాళ్ళు ఏదో ఒక మంచి పని పేరు చెప్పుకుని పరిగెత్తుతారు, ఎరిగినవాళ్ళు ఆ పనికి చందాలిస్తారు. బడి వరండాలో ఈ మాట వస్తున్నప్పుడు అక్కడ మిల్లు బాబాయిగారు కూడా ఉన్నారు. గూడెంలో ఆయనకి రైసు మిల్లు ఉండేది. మా నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు కాబట్టి ఆ ఇంట్లో పెళ్ళిళ్ళూ వ్రతాలూ అన్నీ నాన్నగారి చేతి మీదుగానే జరిగేవి. ఆ గౌరవంతో ఆయన నన్ను కూడా ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ 'అమ్మాయిగారూ' అనే పిలిచేవారు. ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి హాయిగా నవ్వి, "మనకెందుకండీ టీచరుగారూ కొండలూ గిండలూ! మన వైపు వాళ్ళం అరుగెక్కితేనే ఆయాసపడి మంచినీళ్ళడుగుతాం. ఎవరు పరిగెడతారండీ బాబూ?" అన్నారు.

"నేను పరిగెడతానండీ," అన్నాను.

ఆ మాట ఎవరన్నారా అని నేనూ అందరితోపాటు వెనక్కి తిరిగి చూశాను. బాబాయిగారు నన్ను కింద నుంచి పైకి ఓసారి చూసి (ఇంట్లో ఏడాది పొడుగునా పులిహోర, చక్రపొంగలి, బూరెలు, ఆ చూపులో ఆయన తప్పేమీ లేదు), "అయితే ఒక మాటండీ అమ్మాయిగారూ. మీరు ఆ మూడు రోజులూ పూర్తి చేసి రండి. చందాలు ఎంత వస్తే అంత, తక్కువైంది నేనేసి కొత్త వ్యాను తెప్పిస్తాను. మధ్యలో దిగిపోతే మాత్రం లేదు," అన్నారు. ఆయన వ్యాను ఇవ్వనక్కరలేదని ధీమాగా ఉన్నారని మళ్ళీ గ్లాసు ఎత్తి మజ్జిగ తాగిన తీరులోనే తెలిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట మర్నాడు పొద్దున్నే చల్లారిపోయింది గాని, అప్పటికే పెద్ద టీచరుగారు నా పేరు పంపేశారు.

నాకు శిక్షణ ఇచ్చే భారం మా డ్రిల్లు మావయ్య నెత్తినేసుకున్నాడు. అమ్మకి తమ్ముడు, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. వేలమంది పిల్లల్ని పరిగెత్తించాడు కాని తను పరిగెత్తగా చూసినవాళ్ళు లేరు. స్కూటరు మీద నా వెనకాల వస్తూ ఈల ఊదడమే ఆయన శిక్షణ. ఏలూరులో ఎత్తంటే రైల్వే ఫ్లైఓవరు ఒక్కటే. తెల్లారగట్ల దాని మీదికి నేను రొప్పుతూ ఎక్కుతుంటే, పాలవాళ్ళూ కూరగాయల ఆటోలవాళ్ళూ ఆగి మరీ అడిగేవారు: "ఏవండీ, రైలు తప్పిపోతందాండీ? ఎక్కండి, దింపేత్తాం." కాదండీ, ఊరికే పరిగెడుతున్నానని చెబితే, పాపం, జాలిగా చూసేవారు. ఒకాయన మాత్రం, "ఇంట్లో ఏవన్నా గొడవాండీ?" అని మెల్లగా అడిగాడు.

ఫ్లైఓవరు చాలదని ఒక ఆదివారం మావయ్య నన్ను కొల్లేరు వైపు చేపల చెరువుల గట్ల మీదికి తీసుకెళ్ళాడు. అక్కడ గాలి బాగుంటుందట. బాగానే ఉంది గాలి. నేను గట్టు మీద పరిగెడుతున్నాను, వెనకాల స్కూటరు, ఆగకుండా ఈల. ఒక చెరువు దగ్గర మేత బస్తాలు దింపుతున్న ఇద్దరు నన్ను చూసి బస్తాలు అక్కడే పడేశారు. "ఏటైందండీ? గట్టు తెగిందాండీ?" అని అరిచారు. నాకు మాట్లాడే ఊపిరి ఉంటేనా! చెయ్యి ముందుకు చూపించి, ముందుదాకా వెళ్ళాలి, ఇంకా చాలా ఉంది అన్నట్టు సైగ చేశాను. అంతే! వాళ్ళు గడ్డపారలు పట్టుకుని నాతోపాటు పరిగెత్తడం మొదలుపెట్టారు. వాళ్ళని చూసి పక్క చెరువువాళ్ళు, వాళ్ళని చూసి వలలు ఆరేసుకుంటున్నవాళ్ళు. "ఏ చెరువండీ? ఎవరిదండీ?" అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కుంటూ నన్ను దాటి ముందుకు వెళ్ళిపోయారు. గట్టు తెగినచోటు ఎక్కడుందో వెతకడానికి వాళ్ళంతా అలా పోతూనే ఉంటే, ఆఖరికి మావయ్య స్కూటరు మీద వాళ్ళని దాటి వెళ్ళి అడ్డంగా నిలబడి సంగతి చెప్పాల్సి వచ్చింది. వాళ్ళు గడ్డపారలు కింద పడేశారు. తర్వాత వాళ్ళలో పెద్దాయన, "ఊరికే పరిగెడతన్నారా అండీ?" అని ఒకసారి, "ఊరికేనే?" అని ఇంకోసారి అడిగి, నడ్డి పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. సంగతంతా విన్నాక, ఆయనే నవ్వుతూ బడి పిల్లల కోసమని చందా చేతిలో పెట్టాడు. "ఇంకోసారొచ్చేటప్పుడు ఆ ఈల మాత్రం వద్దండీ," అన్నాడు.

ఇక మిగిలింది నిజమైన ఎక్కుడు. డెల్టాలో కొండ ఎక్కడ దొరుకుతుంది? మిల్లు బాబాయిగారి దగ్గరే దొరికింది. ఆయన మిల్లు వెనకాల ఊక గుట్ట ఉండేది, రెండు తాటిచెట్ల ఎత్తు. కాలేజీ అయ్యాక అక్కడికి వెళ్ళి దాన్ని ఎక్కేదాన్ని. ఊక గుట్ట మీద ఓ అడుగు పైకి వేస్తే రెండడుగులు కిందికి జారుతాం. అలా పోను పోను నేను ఎక్కడం మొదలుపెట్టిన చోటికన్నా కిందికి దిగిపోయి, చుట్టూ గుంట చేసుకునేదాన్ని. చెమటకి ఊకంతా ఒంటికి అంటుకుని, రైల్లో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఇంటికొచ్చిన నన్ను చూసి అమ్మ, "నువ్వులద్దిన అరిసెలా ఉన్నావే," అని గుమ్మంలోనే ఆపి నీళ్ళు పోసేది. బాబాయిగారు మాత్రం ఆఫీసు గదిలోంచి బయటికొచ్చి, నడుం మీద చేతులేసుకుని చూసేవారు. మొదట్లో నవ్వేవారు. కొన్నాళ్ళకి నవ్వడం మానేశారు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా గుట్ట పక్కన ఓ కుర్చీ, కుండలో నీళ్ళు పెట్టించారు.

పందెం రోజు రానే వచ్చింది. కొండ కింద, మంచులో, రంగురంగుల చొక్కాలేసుకున్న సన్నటి మనుషులు గెంతుతూ కాళ్ళు సాగదీస్తున్నారు. నేను కూడా కొంచెం సాగదీశాను, నాకు సాగలేదు. సరిగ్గా అప్పుడే నాన్నగారి ఫోను. "అమ్మా, పంచాంగం ఇప్పుడే చూశాను. వర్జ్యం ఉంది. వెళ్ళేదాకా కాస్త ఆగి బయలుదేరు తల్లీ."

"పందెం నాన్నగారూ! అందరూ ఒకేసారి బయలుదేరతారు."

"బయలుదేరనీ. వాళ్ళ నాన్నలు చూడలేదేమో. కొండలూ లోయలూ అంటున్నావు, నా మాట విను."

ఏం చేస్తాం? జెండా ఊపారు. అందరూ పరిగెత్తారు. నేను పక్కనున్న రాయి మీద కూర్చున్నాను. మైకులో అరుస్తున్నాయన నా దగ్గరకొచ్చి, "మేడమ్, స్టార్ట్ అయిపోయిందండీ," అన్నాడు. తెలుసండీ, ఇంకొంచెం టైముందండీ అన్నాను. వర్జ్యం వెళ్ళిపోయాక దణ్ణం పెట్టుకుని లేచాను. అలా మొదటి అడుగు నుంచే నేను ఆఖరిదాన్ని. ఒక్కళ్ళైనా నన్ను దాటి వెళ్ళారన్న అవమానం ఆ మూడు రోజుల్లో నాకు కలగలేదు.

ఆఖరిదాన్నని అన్నాను గాని, నా వెనక ఇంకో మనిషి ఉంది. ఇలాంటి పరుగుల్లో అందరికన్నా చివర ఉన్నవాళ్ళ వెనకాల, వాళ్ళు తప్పిపోకుండా, దారికి కట్టిన రిబ్బన్లు విప్పుకుంటూ రావడానికి ఒకరిని పెడతారు. మా పరుగుకి ఆ మనిషి విశాఖపట్నం ఆవిడ. యాభై దాటిన బ్యాంకు ఉద్యోగి, గొప్ప నడకరి, అంతకన్నా గొప్ప మాటకారి. మనసులో ఆవిడకి ఆఖరి ఆంటీ అని పేరు పెట్టుకున్నాను. మొదటి ఎక్కుడు సగంలో నేను చెట్టు పట్టుకుని నిలబడి, ఈ లోకంలో గాలి ఎందుకింత తక్కువుందా అని ఆలోచిస్తుంటే వెనక నుంచి, "మీ గోత్రం ఏమిటమ్మా?" అని వినిపించింది. కాశ్యపస అనడానికి నాకు మూడుసార్లు ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చింది. "అబ్బ, మంచిది! మా మేనల్లుడిది వేరేలే. సాఫ్ట్‌వేరు. ముందు పరిగెడుతున్నాడు, నీలం చొక్కా," అన్నారావిడ. ఆ మేనల్లుడి చదువు, జీతం, ఇడ్లీ తింటాడా దోసె తింటాడా అన్న వివరాలు వింటూ కాఫీ తోటల్లోంచి, మిరియాల తీగల కింద నుంచి, రాళ్ళ వాగుల మీదుగా నడిచాను. (మీరు అడగబోయే ప్రశ్నకి జవాబు: కాదు. మొదటి రోజు నేను మధ్యాహ్నం భోజనానికి కూర్చునేసరికి ఆ అబ్బాయి స్నానం చేసి నిద్రపోయి లేచాడట. అంత వేగంగా ఉండేవాళ్ళతో కాపురం ఎలా కుదురుతుంది?) ఆవిడ మాటల్లో పడి ఎక్కుడు తెలియలేదంటే అబద్ధం. తెలిసింది. ఎక్కుడులో గోత్రాలు చెప్పుకోవడం ఎంత కష్టమో కూడా తెలిసింది. ఏ రోజు గడువు ఆ రోజు దాటితే లెక్కలోంచి తీసేస్తారు, అయినా మొదటి రోజు ఆ గడువులోపలే చేరాను.

దిగుడు ఎక్కుడుకన్నా కష్టమని నాకెవరూ చెప్పలేదు. ఊక గుట్ట దిగేటప్పుడు కూర్చుని జారేదాన్ని, అక్కడ అది కుదరదు. రెండో రోజు సాయంత్రం విడిదికి చేరేసరికి నా కాలి గోళ్ళు రెండు నల్లబడ్డాయి, అక్కడి రాతి మెట్లు ఒక్కటొక్కటిగా వెనక్కి తిరిగి దిగుతున్నాను. గుడారం ముందు తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో స్టీలు క్యారేజీ. మిల్లు బాబాయిగారు! ఏలూరు నుంచి కారు వేసుకుని వచ్చేశారు. ముందు రోజు ఫోన్లో నా గొంతు విని అమ్మ ఏడ్చిందట, అది చూసి ఈయనకి అన్నం సహించలేదట.

నా కాళ్ళు చూసి ఆయన మొహం చిన్నబోయింది. క్యారేజీ విప్పి పులిహోర పెడుతూ, "అమ్మాయిగారూ, నేనేదో పరాచికానికన్నానండీ. పంతులుగారికి నేను మొహం ఎలా చూపిస్తానండి? వ్యాను కొనేశాం అనుకోండి. రేపు పొద్దున్నే కారెక్కండి, వెళ్ళిపోదాం," అన్నారు.

"నిజంగా కొంటారాండీ? నేను పూర్తి చెయ్యకపోయినా?"

"అమ్మతోడండీ. ఆ పిల్లల్ని ఎక్కించడానికి వెనకాల ఏటవాలు పలక కూడా పెట్టిస్తాను."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. నేను వచ్చిన పని అయిపోయింది. దెందులూరు పిల్లలు బడికొస్తారు. నేను నా సంచీ తీసుకెళ్ళి కారు డిక్కీలో పెట్టేసి, పులిహోర మొత్తం తిని (ఆఖరి ఆంటీ కొంచెం తిన్నారు, పోపు బాగుందన్నారు) హాయిగా పడుకున్నాను.

తెల్లవారగట్ల మెలకువ వచ్చింది. బయటికొస్తే ఎదురుగా, ముందు రోజు మబ్బు కప్పేసిన కొండ, మొత్తం విప్పారి నిలబడి ఉంది. ఆ రోజు ఎక్కాల్సింది దాన్నే. అందరూ బూట్లు కట్టుకుంటున్నారు. నేను చెప్పి వెళ్ళిపోదామనే అటు నడిచాను. అయితే నడుస్తుంటే ఓ విచిత్రం తట్టింది. అప్పటిదాకా నా బతుకులో ప్రతి పనీ మార్కుల కోసమో, ఉద్యోగం కోసమో, ఎవరో ఏదో అంటారనో చేశాను. ఈ కొండ ఎక్కకపోతే ఎవరికీ ఏ నష్టమూ లేదు, ఎక్కితే ఎవరికీ లాభం లేదు. దాని పైనుంచి ఏం కనిపిస్తుందో చూడాలని నాకుంది, అంతే. అంత పనికిరాని కోరిక నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు. నేను గిరుక్కున తిరిగి వెళ్ళి కారు డిక్కీ తట్టాను.

"అదేంటండీ! వ్యాను ఇస్తానన్నాను కదండీ!" అన్నారు బాబాయిగారు, పళ్ళు తోముకుంటూ.

"ఇస్తారండీ. నేను కొండెక్కి వస్తాను."

ఆయన నోట్లోంచి బ్రష్షు తియ్యకుండానే, "ఒక్కరే వెళ్తారా ఏంటి, నేను పైన రోడ్డు దగ్గర కాపు కాస్తాను," అన్నారు. అన్నట్టే, కొండ నడుమున తారు రోడ్డు దారికి తగిలే చోట కారు ఆపుకుని నిలబడ్డారు. అక్కడి నుంచి శిఖరం మీదుగా అవతలి పల్లెలో ముగింపు. ఆ సరికి నేను, నమ్మండి, గడువుకన్నా ముందున్నాను. బాబాయిగారు పంచె ఎగ్గట్టి, తోలు చెప్పులతో నా వెంట బయలుదేరారు. ఆఖరి ఆంటీ వద్దన్నారు, నేను వద్దన్నాను. "నాలుగడుగులే కదండీ," అన్నారాయన. పదో అడుక్కి ఆగారు. కాసేపటికి ఒక రాయి చూసుకుని కూర్చున్నారు. ఆ తర్వాత ఏ రాయినీ వదల్లేదు.

"మీరెళ్ళండమ్మాయిగారూ. మీకు గడువు దాటిపోద్ది. నన్నిక్కడే ఒగ్గెయ్యండి," అన్నారు, యుద్ధంలో పడిపోయిన సైనికుడి లెవెల్లో. ఎలా వదిలి వెళ్తాను? ఊక గుట్ట పక్కన నీళ్ళ కుండ పెట్టించిన మనిషిని. ఆయన చెయ్యి పట్టుకుని, వెనక నుంచి ఆఖరి ఆంటీ నడుం దగ్గర ఆసరా ఇస్తూ ("మీకు అమ్మాయిలున్నారా అండీ? ఏం చదివారు?"), ముగ్గురం శిఖరానికి చేరాం. అక్కడ గాలి విసురుగా కొడుతోంది. కింద లోయలో వలిసె పూలు పసుపచ్చగా, పల్లెలు అగ్గిపెట్టెల్లా, మబ్బుల నీడలు కొండల మీద పాకుతూ. బాబాయిగారు రొప్పడం కూడా మర్చిపోయి నిలబడ్డారు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోయంతా చూసి, "ఇంత జాగా ఉండి, కళ్ళమంత చదునైనా లేదేంటండీ! వరెలా వేస్తారో పాపం," అన్నారు. నేనూ ఆంటీ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వాం. అలా నవ్వుతూ కూర్చునే గడువు దాటించేశాం.

కిందికి దిగేసరికి పందెం అయిపోయి చాలాసేపైంది. ముగింపు దగ్గర కట్టిన గాలి కమానుకి గాలి తీసేస్తున్నారు. అది సగం వాలి, నిట్టూరుస్తూ నేల మీద పడుతోంది. దాని కింద నుంచి వెళ్ళే వీలు లేక దాని మీదుగా దాటాం. మైకు కూడా కట్టేశారు. ఆ మైకాయన నన్ను గుర్తుపట్టి, "మేడమ్, ఇప్పుడు మంచి టైమేనాండీ?" అన్నాడు. పందెం వాళ్ళ లెక్కలో నేను పూర్తి చేయనివాళ్ళ కింద చేరిపోయాను. పతకం లేదు. ఒక అరటిపండు మిగిలితే ఇచ్చారు. దాన్ని ముగ్గురం తిన్నాం.

వ్యాను వచ్చింది, చెప్పినట్టే ఏటవాలు పలకతో. మొదటి రోజు దెందులూరు వైపు నుంచి అది పిల్లలతో బడి ముందు ఆగితే, ఎవరూ తొయ్యకుండానే కదులుతోందని పిల్లలు కొంచెం నిరాశపడ్డారు. అమ్మాయి పూర్తి చేసిందటాండీ అని ఎవరైనా అడిగితే బాబాయిగారు, "నా కళ్ళతో చూశానండీ, పూర్తి చేశారు," అని గట్టిగా చెప్పేవారు. ఏడాది తిరిగేసరికి ఆ మాట, "మేమిద్దరం పూర్తి చేశామండీ," అయింది. ఇంకొన్నాళ్ళకి గూడెంలో నాకు తెలియనివాళ్ళు నాకే ఆ కథ చెప్పడం మొదలుపెట్టారు: "మిల్లు గారు మూడు రోజులూ పంచెకట్టుతో పరిగెత్తారంట కదండీ! ఆయనకి తోడు ఒక అమ్మాయి కూడా వెళ్ళిందంట." నేను అవునండీ అనేదాన్ని.

మొన్న చలికాలంలో మా వారూ నేనూ అరకు వెళ్ళాం, కార్లో, చుట్టాలందరితో. రోడ్డు పక్కన కాఫీ తాగుతుంటే ఆయన, "నువ్వెక్కిన కొండ ఏదీ?" అని అడిగారు. చూశాను. కొండలన్నీ ఒకేలా ఉన్నాయి. నిజం చెప్పాలంటే నాకేమీ గుర్తు రాలేదు. అందుకని అన్నింట్లోకీ పెద్దది వెతికి వేలు పెట్టి చూపించాను. "అమ్మో, అదా!" అన్నారాయన. ఆఁ, అదే అన్నాను. ఆయన కార్లోకి వెళ్ళి కూర్చున్నాక కూడా నేను కాసేపు అక్కడే నిలబడ్డాను, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, ఇంకో చేత్తో చల్లారిపోతున్న కాఫీ పట్టుకుని. ఆ పైన ఎక్కడో చెట్ల మధ్య ఒక బొద్దు పిల్ల చెట్టు పట్టుకుని ఊపిరి తీసుకుంటూ, వెనక నుంచి వచ్చే ప్రశ్నలకి ఒక్కో ముక్కే జవాబు చెబుతూ, అందరికన్నా వెనక, మెల్లగా ఎక్కుతూ ఉన్నట్టనిపించింది. ఆ పిల్ల కిందికి చూస్తే నన్ను గుర్తుపట్టదు. పట్టనక్కరలేదులే, దారి చూసుకుని ఎక్కితే చాలు అనుకుని, నవ్వొచ్చి, మిగిలిన కాఫీ తాగేశాను.